క్యాసెట్టు రెండో వైపు

ఇది నేను ఇంతకుముందు రాయకపోవడానికి ఒక కారణం ఉంది. నాకు అక్షరాలు వచ్చేవి కావు. యాభై మూడో ఏట మా వీధి అంగన్‌వాడీ టీచరమ్మ, మధ్యాహ్నం పిల్లలు పడుకున్నాక, నన్నూ ఇంకో ఇద్దర్నీ చాప మీద కూర్చోబెట్టి నేర్పింది. అప్పటిదాకా నేను చెప్పాల్సిందంతా ఇతరుల చేతుల మీదుగానే వెళ్ళేది. చెప్పేటప్పుడు రాసేవాళ్ళ మొహం చూస్తాం కదా. మగవాళ్ళయితే కొన్ని మాటలు మింగేస్తాం. బాగా చదువుకున్నవాళ్ళయితే ఇంకొన్ని మింగుతాం. అన్నీ మింగగా మిగిలింది ఉత్తరంలోకి వెళ్ళేది. ఇక్కడ నేను క్షేమం, అక్కడ మీరంతా క్షేమమని తలుస్తాను అని.

రాయడం వచ్చాక కూడా రెండేళ్ళు ఆగాను. ఇందులో ముఖ్యమైన మనిషి మా అబ్బాయి. వాడి ఒంటి సంగతి నలుగురు చదివేలా రాయొచ్చో లేదో తెలియలేదు. వాడికిప్పుడు పెళ్ళయింది, ఇద్దరు పిల్లలు. అడిగితే నవ్వాడు. "రాసుకో అమ్మా. పేరు మాత్రం పెట్టకు" అన్నాడు. వాడి పేరే లేనప్పుడు ఇంకెవరిదైనా ఎందుకని ఎవరి పేరూ పెట్టలేదు.

నేను బహ్రెయిన్ వెళ్ళేటప్పటికి వాడికి ఏడాదిన్నర. బయల్దేరే ముందు వారం రోజులు వేపాకు ముద్ద రాసి పాలు మాన్పించాను. వాడు మానేశాడు కానీ నా ఒళ్ళు మానలేదు. విమానంలో రవిక తడిసింది. జింజ్ అనే పేటలో, మూడో అంతస్తులో నేను పనికి చేరిన ఫ్లాటులో, స్నానాల గదిలో నిలబడి గోడకేసి పిండేసేదాన్ని. అది తొంభైల మొదట్లో మాట.

నేను పని చేసింది తెలుగువాళ్ళింట్లోనే. అది నా అదృష్టం. మా ఊరి వైపు నుంచి వచ్చిన ఇంకొకామె గలాలీ అనే ఊళ్ళో అరబ్బు వాళ్ళింట్లో ఉండేది. ఆమెకు మొదటి ఏడాదంతా సైగలే భాష. నాకలా కాదు. అయ్యగారిది తెనాలి వైపు, ముస్లింలు. అమ్మగారిది ఏలూరు దగ్గర, హిందువులు. కాలేజీలో చదివేటప్పుడు ఇష్టపడి రిజిస్టరు పెళ్ళి చేసుకుని, రెండిళ్ళ వాళ్ళూ మొహం తిప్పుకుంటే అక్కడికి వచ్చేశారు. ఆయన ఒక కంపెనీలో ఇంజనీరు. ఆవిడ ల్యాబులో పని చేసేవారు, కడుపు పెద్దదయ్యాక మానేశారు. ఇంట్లో దేవుడి పటమూ ఉండేది, ఆయన నమాజు చాపా ఉండేది. ఒకదాని జోలికి ఒకరు వెళ్ళేవారు కాదు.

నేను వెళ్ళిన రెండో ఏడు వాళ్ళకి సల్మానియా ఆసుపత్రిలో కవలలు పుట్టారు. ఇద్దరూ మగపిల్లలు. కాగితాల మీద ఏ పేరు పెట్టాలో కూడా తేల్చుకోలేదు కాబట్టి ఇంట్లో పెద్దోడు, చిన్నోడు అనేవాళ్ళం. పెద్దోడు చిన్నోడి కంటే తొమ్మిది నిమిషాలు పెద్ద.

ఇంటికి తెచ్చిన నాలుగో రోజో అయిదో రోజో మొదటిసారి ఆ మాట వచ్చింది. అన్నం తింటున్నారు. నేను పప్పు వడ్డిస్తున్నాను.

"నెలలోపు చేయిస్తే పిల్లలకి బాధ తక్కువంట. మా ఆఫీసులో చెప్పారు" అన్నారు అయ్యగారు.

"ఏది?"

"ఒడుగులు. సున్తీ."

అమ్మగారు ముద్ద కలుపుతూనే ఉన్నారు. "పెళ్ళప్పుడు ఏమన్నావు? నువ్వు మారొద్దు, నేను మారొద్దు అన్నావా లేదా?"

"మనం మారట్లేదు గదా."

"వాళ్ళు మారతారు. వాళ్ళనడిగావా?"

"పది రోజుల పిల్లల్ని ఏమడుగుతావ్? నాకు ఎనిమిదేళ్ళప్పుడు చేశారు. కొత్త లుంగీ కట్టి, మెడలో పూలదండ ఏసి, పీట మీద కూర్చోబెట్టి, అదిగో పైన పిట్ట చూడరా అన్నారు. చూశాను. పిట్ట లేదు."

"అందుకేనా ఇప్పటికీ ఆకాశం చూస్తూ నడిచి గుమ్మాలకి గుద్దుకుంటావు."

ఆయన నవ్వారు. నాకూ నవ్వొచ్చింది, వంటింట్లోకి వెళ్ళిపోయాను. వెనకనుంచి ఆయన మాట వినబడింది. "అందుకే చెప్తున్నా. వీళ్ళకి గుర్తుండదు."

"గుర్తుండదు కాబట్టి చేసెయ్యొచ్చంటావు."

ఆయన చెయ్యి కడుక్కోవడానికి లేచిన చప్పుడైంది.

ఆ వారమే నాకు ఉత్తరం వచ్చింది. నా ఉత్తరాలు అయ్యగారి ఆఫీసు పోస్టు బాక్సుకి వచ్చేవి. ఎప్పుడూ అమ్మగారే చదివిపెట్టేవారు. ఆ రోజు ఆవిడ పెద్దోడికి పాలిస్తున్నారు, నా ఒళ్ళో చిన్నోడు ఉన్నాడు. "నువ్వు చదవవయ్యా, పాపం పొద్దుటినుంచి చూస్తోంది" అన్నారు ఆయనతో.

మా ఆయనకి సంతకం వరకే వచ్చు. ఎప్పుడూ పోస్టుమాస్టరు గారి చేత రాయించేవాడు. ఈసారి మా ఊరి ఆర్‌ఎంపీ డాక్టరు దగ్గరి కాంపౌండరు రాశాడు. అందుకే ఏదీ దాచకుండా ఉంది. అయ్యగారు గట్టిగా చదవడం మొదలుపెట్టి, మధ్యలో గొంతు తగ్గించి, ఆగిపోయారు.

"చదవండి అయ్యగారూ, ఫరవాలేదు. మా అత్తకేమైనా అయిందా?"

ఆయన నా వైపు చూడకుండా మిగతాది చదివారు. పిల్లాడు మూడు నెలలుగా ఉచ్చ పోసుకోవడానికి ఏడుస్తున్నాడు. ముందు చర్మం బుడగలా ఉబ్బి, చుక్కలు చుక్కలుగా పడుతోంది. రెండుసార్లు జ్వరం వచ్చింది. కాకినాడ పెద్దాసుపత్రిలో చూపిస్తే చర్మం బిగుసుకుపోయింది, కోసి తీసెయ్యాలి అన్నారు. మీ అత్తగారు ససేమిరా అంటోంది. అది మన ఇళ్ళల్లో లేని పని, పెద్దయ్యాక కాలవలో ఈతకు దిగితే తోటి పిల్లలు నవ్వుతారు, రేపు పిల్లనెవరిస్తారు అంటోంది. మీ ఆయనకి ఏమీ తోచడం లేదు. నువ్వెలా చెబితే అలా.

ఆయన ఉత్తరం మడిచి బల్ల మీద పెట్టారు. ముగ్గురం ఎవరి మొహాలూ చూసుకోలేదు. ఒక మగమనిషి, అందులోనూ యజమాని, నా కొడుకు గురించి అలాంటి మాటలు చదివినందుకు ఆ క్షణంలో సిగ్గే ముందొచ్చింది. ఏడుపు తర్వాత వచ్చింది. మూడు నెలలంటే తొంభై రోజులు. రోజుకి ఎన్నిసార్లు. అన్నిసార్లు వాడు ఏడిస్తే నేనిక్కడ ఏం చేస్తున్నాను? బట్టలు ఇస్త్రీ చేస్తున్నాను, చేప తోముతున్నాను, టీవీలో పాటలు వింటున్నాను.

"ఏం రాయమంటావు? చెప్పు, ఇప్పుడే రాస్తాను" అన్నారు అమ్మగారు.

"ఆలోచించి చెప్తానండి."

"ఇందులో ఆలోచించడానికేముంది? జబ్బు కదా."

"ఆయ్. చెప్తానండి."

అయ్యగారు లేచి వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆగి, గోడతో మాట్లాడుతున్నట్టు అన్నారు. "పెద్ద కష్టమేం కాదు. పది రోజులు లుంగీ ముందుకెత్తి పట్టుకుని నడుస్తాడు. పదకొండో రోజు ఆడుకోడానికి పోతాడు. నేను పోయాను."

రోజులు గడిచాయి, నేను చెప్పలేదు. మా అత్త మాట కాదనడం ఒక భయం. కోసేటప్పుడు వాణ్ణి ఎవరు పట్టుకుంటారన్నది ఇంకో భయం. నేను లేకుండా వాడి ఒంటి మీద కత్తి పెట్టమని ఎలా చెప్పను? చెప్పకపోతే వాడి ఏడుపు ఎలా ఆగుతుంది? కవలలు ఏడ్చినప్పుడల్లా నా రొమ్ములు బిగుసుకునేవి. పాలు ఎప్పుడో ఆగిపోయాయి, అయినా బిగుసుకునేవి.

రెండు వారాలకి పిల్లల్ని తీసుకుని అందరం ఒక క్లినిక్కుకి వెళ్ళాం. డాక్టరు ఈజిప్టు నుంచి వచ్చిన ముసలాయన. ఆయన ఇంగ్లీషులో మాట్లాడుతుంటే నేను మూల కుర్చీలో చిన్నోణ్ణి పెట్టుకుని కూర్చున్నాను. మాట అర్థం కాకపోయినా చాలాసేపు నవ్వుతూ చెప్పాడని, ఒకసారి నన్ను చూపించి ఏదో అన్నాడని తెలిసింది. తిరిగొచ్చేటప్పుడు కారులో అడిగాను.

"చేయించకపోయినా పిల్లలకి వచ్చే నష్టమేం లేదన్నాడు. చేయిస్తే ఇప్పుడే సులువన్నాడు. మీ ఇష్టం అన్నాడు" అన్నారు అమ్మగారు.

"అంటే చెప్పిందేం లేదు" అన్నారు అయ్యగారు, బండి నడుపుతూ.

"నీకు కూడా ఒక మాట చెప్పమన్నాడు" అని ఆవిడ నా వైపు తిరిగారు. "చేయించకపోతే, నీళ్ళు పోసేటప్పుడు అక్కడ చర్మం ఎవరూ వెనక్కి లాగకూడదట. మీ ఇండియా ఆయాలు నూనె రాసి లాగుతారు, దాంతో లోపల చిరిగి, మానేటప్పుడు బిగుసుకుపోతుంది అన్నాడు. అలాగే వదిలేస్తే దానంతటదే వస్తుందట. నువ్వేం లాగట్లేదు కదా?"

"లేదండి" అన్నాను.

కవలలకి ఇంకా లాగలేదు. తక్కువ బరువుతో పుట్టారని ఒళ్ళు తోమడమే మెల్లగా చేస్తున్నాను. కానీ నా కొడుక్కి లాగాను. మా వైపు పసిపిల్లలకి నీళ్ళు పోయడం అంటే ఒక పద్ధతి. కాళ్ళు చాపుకుని పీట మీద కూర్చుని, బిడ్డని పిక్కల మీద పడుకోబెట్టుకుని, నూనె పట్టించి, నలుగు పెట్టి, తల గుండ్రంగా రావాలని ఒత్తి, ముక్కు సూదిగా రావాలని నొక్కి, మగపిల్లాడైతే చివర్లో నూనె వేళ్ళతో అక్కడ కూడా వెనక్కి లాగి కడుగుతాం. పుట్టిన పదకొండో రోజునుంచి ఏడాదిన్నర వరకు రోజూ లాగాను. వాడు గుక్కపట్టేవాడు. మా అమ్మ పక్కనుండి, "ఏడవనీయే, పెద్దయ్యాక నీకే దండం పెడతాడు" అనేది. ఒకసారి నా వేళ్ళకి చిన్న నెత్తుటి జీర అంటింది. నూనెతో తుడిచేశాను.

కారు జింజ్‌కి వచ్చింది. నేను దిగలేదు. అమ్మగారు తలుపు తీసి పట్టుకుని, "ఏమైంది?" అన్నారు. చిన్నోడు నిద్రపోయాడు, కదిలితే లేస్తాడని చెప్పాను.

ఆ తర్వాత రెండు వారాలు ఆ ఇంట్లో పోట్లాటే. కేకలుండేవి కావు. ఒక మాట ఆయన పొద్దున అని ఆఫీసుకు వెళ్ళేవారు, జవాబు ఆవిడ సాయంత్రం చెప్పేవారు. నాకు అన్నిటికంటే వింతగా ఉండేదేమిటంటే, ఎవరి కోసం పోట్లాడుకుంటున్నారో ఊళ్ళో ఆ పెద్దవాళ్ళెవరూ వినడం లేదు. పిల్లలు పుట్టారని ఇద్దరూ తమ తమ ఇళ్ళకి తంతి ఇచ్చారు. ఆయన నాన్న నుంచి జవాబు రాలేదు. ఆవిడ తల్లిగారు నాలుగు ముక్కల ఉత్తరం రాసి, ఎవరి పోలిక అని మాత్రం అడిగారు.

"మా నాన్న నాతో మాట్లాడి మూడేళ్ళయింది" అన్నారు ఆయన ఒక శుక్రవారం మధ్యాహ్నం. "ఆయన నాకు చేసిందాంట్లో నా దగ్గర ఇంకా మిగిలింది ఇదొక్కటే. పిల్లలకి నేను ఇంకేం ఇస్తాను మా వైపునుంచి?"

"అయితే ఒక పని చేద్దాం. పెద్దోడికి చేయించు, చిన్నోణ్ణి వదిలెయ్. ఒకడు మీ నాన్నకి, ఒకడు మా అమ్మకి. పంపకాలు అయిపోతాయి."

ఆవిడ కోపంలో అన్నారు కానీ అన్నాక ఇద్దరూ ఉయ్యాల వైపు చూశారు. ఒకే దుప్పటి కింద ఒకడి చెయ్యి ఒకడి మొహం మీద ఉంది. ఆయన లేచి వెళ్ళి ఆ చెయ్యి మెల్లగా తీసి పక్కన పెట్టారు. వాడు మళ్ళీ అక్కడే పెట్టాడు.

తర్వాత రెండు రోజులకి, ఆరిన గుడ్డలు మడతపెడుతుంటే అమ్మగారు నా పక్కన కూర్చున్నారు. "నేను ఇల్లు వదిలాను, ఆయనా వదిలాడు. కానీ మా అమ్మ తిట్టడానికైనా ఒక ముక్క రాస్తుంది. ఆయనకి అదీ లేదు. రోజూ పోస్టు బాక్సు తీసి నీ ఉత్తరాలు మోసుకొస్తాడు. ఆయనకి ఒక్కటీ ఉండదు చూశావా?"

చూశాను. కానీ అలా ఎప్పుడూ అనుకోలేదు.

"చేయించమని చెప్తాను. ఒక షరతు మీద. ఆడవాళ్ళకి అప్పజెప్పి బయట నిలబడకూడదు. తనే పట్టుకోవాలి, ఇద్దర్నీ."

ఆయన ఒప్పుకున్నారు. నలభై మూడో రోజున మళ్ళీ అదే క్లినిక్కుకి వెళ్ళాం. ఆయన పెద్దోణ్ణి తీసుకుని లోపలికి వెళ్ళారు. బయట కూర్చున్న మాకు ఒక పెద్ద కేక, తర్వాత మామూలు ఏడుపు వినిపించింది. నర్సు పిల్లాణ్ణి తెచ్చి అమ్మగారి ఒళ్ళో పెట్టింది. వెనకే అయ్యగారు వచ్చారు. మొహం సున్నం కొట్టినట్టుంది. కుర్చీలో కూర్చుని తల వంచేశారు. ఎవరో నీళ్ళు తెచ్చారు.

"లే. ఇంకోడున్నాడు" అన్నారు అమ్మగారు, పాలిస్తూనే.

"ఒక్క నిమిషం."

"నువ్వు పడిపోతే నిన్నెవరు పట్టుకుంటారు?" అని, నా వైపు చూశారు. "నువ్వెళ్తావా?"

వెళ్ళాను. బల్ల మీద చిన్నోణ్ణి పడుకోబెట్టి రెండు తొడలూ పట్టుకోమన్నాడు డాక్టరు. కళ్ళు మూసుకుందామనుకున్నాను, మూసుకోలేదు. నా కొడుక్కి ఎవరో ఇలాగే పట్టుకోవాలి కదా, ఎలా ఉంటుందో చూడాలనుకున్నాను. మత్తు సూది వేశాడు. ఒక చిన్న ప్లాస్టిక్ రింగు పెట్టి దారం బిగించి కట్టాడు. కత్తిరించాడు. నేను వంద లెక్కపెట్టేంత సేపు. చిన్నోడు గుక్కపట్టి, నా వేలు దొరకబుచ్చుకుని, వదల్లేదు. బయటికొచ్చి అమ్మగారి రొమ్ముకి పెడితే రెండు గుక్కలు తాగి నిద్రపోయాడు. ఆ రింగులు వారం రోజుల్లో వాటంతటవే ఊడి గుడ్డల్లో పడ్డాయి. పారెయ్యాలో దాచాలో తెలియక, బొడ్డు తాళ్ళు దాచిన అగ్గిపెట్టెలోనే పెట్టాను.

ఆ శుక్రవారం వాళ్ళు పిల్లల్ని తీసుకుని స్నేహితుల ఇంటికి వెళ్ళారు. నేను కింద కోల్డ్ స్టోరు అనే కిరాణా కొట్లో ఖాళీ క్యాసెట్టు కొనుక్కొచ్చి, వంటింటి తలుపు వేసుకుని, అమ్మగారి టేపురికార్డరు ముందు కూర్చున్నాను.

రాయడం రాని మా అందరికీ అదే ఉత్తరం. కానీ క్యాసెట్టు వచ్చిందంటే వీధి వీధంతా టేపురికార్డరున్న ఇంటి అరుగు మీద చేరుతుంది. అందర్నీ వరసలు పెట్టి పలకరించాలి. ఒక్కరిని మరిచిపోయినా తిరిగొచ్చాక ఏడాది మాట్లాడరు. ఊళ్ళో కిరాణా కొట్లో ఫోనుండేది కానీ అక్కడా అంతే, నలుగురు పక్కన నిలబడి వింటారు. అందుకని నేను బాగా ఆలోచించి ఒక పథకం వేశాను. మొదటి వైపంతా అందరికీ. అత్తా బాగున్నావా, మామా దగ్గు తగ్గిందా, పిన్నీ గేదె ఈనిందా అని అరగంట మాట్లాడాను. చివర్లో గొంతు సవరించుకుని చెప్పాను.

"రెండో వైపు మా ఆయన ఒక్కడే ఇనాలి. మిగతా అందరూ దయచేసి ఇళ్ళకెళ్ళిపోండి."

క్యాసెట్టు తిప్పి, మా ఆయనకి చెప్పాల్సింది చెప్పాను.

"ఏవండీ, పిల్లోడికి కోయించెయ్యండి. ఇక్కడ నేను దగ్గరుండి పట్టుకుని చూశాను. వంద లెక్కపెట్టేలోగా అయిపోద్ది. అత్తతో మాత్రం దెబ్బలాడకండి. తప్పు నాది. నీళ్ళోసేటప్పుడు నేనే లాగాను, రోజూ. ఒకసారి నెత్తురొస్తే మీకు చెప్పలేదు. అందుకే అలా బిగిసిపోయిందని ఇక్కడ డాక్టరు చెప్పేడు. డాక్టరుగారు అడిగితే వాళ్ళమ్మ చేసిందని చెప్పండి. కోసేటప్పుడు మీరు పట్టుకోండి, మీకు భయమైతే అత్తని పట్టుకోమనండి. వాడి చేతికి మీ వేలివ్వండి. గట్టిగా పట్టుకుంటాడు."

టేపు కాసేపు ఊరికే తిరిగింది, ఆపేశాను.

గలాలీలో ఉన్న మా ఊరి వైపు ఆమె ఆ వారమే సెలవు మీద ఇంటికి వెళ్తోంది. ఆమె చేతికిచ్చి పంపాను. తర్వాత రోజులు చాలా పొడుగ్గా ఉండేవి. పిల్లలకి నీళ్ళు పోసేటప్పుడు మా అబ్బాయి గురించే ఆలోచన. బహ్రెయిన్లో కుళాయి నీళ్ళు ఉప్పన, పిల్లల కోసం తాగే నీళ్ళు వేరే కొని వేడి చేసేవాళ్ళం. ఆ నీళ్ళు చెంబుతో పోస్తూ ఈపాటికి ఆసుపత్రికి వెళ్ళి ఉంటారు, ఈపాటికి పదో రోజు అయి ఉంటుంది అని లెక్కపెట్టుకునేదాన్ని. దేన్నుంచి లెక్కపెట్టాలో తెలియకుండానే లెక్కపెట్టేదాన్ని.

గలాలీ ఆమె రెండు నెలల సెలవు ముగించుకుని తిరిగొచ్చి, ఒక గురువారం మధ్యాహ్నం నా చేతిలో క్యాసెట్టు పెట్టింది. "ఇను. నవ్వుతావో ఏడుస్తావో నీ ఇష్టం" అని వెళ్ళిపోయింది. పిల్లలిద్దరూ పడుకున్నారు. వంటింట్లో పెట్టుకుని విన్నాను.

మొదట మా ఆయన. "నీకేమైనా బుద్ధుందా? ఇళ్ళకెళ్ళిపోండంటే ఎవరైనా ఎళ్తారా? ఉన్నోళ్ళు కదల్లేదు సరికదా, వీధి చివరోళ్ళని కూడా పిల్చుకొచ్చారు. నేను ఆపబోతే మా అమ్మ చెయ్యట్టుకుంది. మొత్తం ఇన్నారు."

టేపు శబ్దం తగ్గించాను. తర్వాత మా అత్త గొంతు, దూరం నుంచి, టేపురికార్డరుకి భయపడుతున్నట్టు.

"అమ్మాయ్. నువ్వొక్కదానివే కాదు, నేనూ లాగాను. నువ్వెళ్ళాక ఏడాది పైన నీళ్ళోసింది నేనే గదా. కాకినాడలో ఆ డాక్టరు, ఎవరమ్మా ఈ పని చేసిందని కోప్పడ్డాడు. నాకు నోరు పెగల్లేదు. మళ్ళీ ఎళ్తే మళ్ళీ అడుగుతాడని, అందుకే వద్దన్నాను. కాలవా లేదు, పిల్లనివ్వడమూ లేదు. అదంతా ఊరికే అన్నాను. నువ్వు అందరి ముందూ తప్పంతా నీ మీదేసుకుంటే నాకు సిగ్గేసింది. గాజుల సాయిబు పెళ్ళాం కూడా అరుగు మీదే ఉంది. 'మా ఇంట్లో ఐదుగురికి చేయించాం వదినా, ఒక్కడూ చెడిపోలేదు, పద నేనొస్తాను' అంది. ఆవిడే తోడొచ్చింది. వాడికి నా వేలే ఇచ్చాను. గోళ్ళు దిగబడ్డాయి."

మళ్ళీ మా ఆయన. "ఇదిగో, పిల్లోడు ఏదో ఇనిపిస్తాడంట."

కొంచెం గరగర. తర్వాత రెండేళ్ళుగా నేను వినని గొంతు. నేను వదిలి వచ్చేటప్పటికి వాడికి నాలుగైదు మాటలే వచ్చు. ఇప్పుడు పెద్దమనిషిలా పురమాయిస్తున్నాడు.

"అమ్మా, బక్కెట్టు ఇలా పట్టుకో. ఇలాగ కాదు."

నాకు తెలియకుండానే చెయ్యి చాపాను. "పట్టుకున్నాను, కానీరా" అన్నది మా అత్త. అమ్మా అన్నది ఆవిడని.

"బెహరానమ్మా, ఇను."

బెహరానులో ఉన్న అమ్మ, అంటే నేను. రేకు బక్కెట్టులో ధార పడిన చప్పుడు. ముందు సన్నగా, తర్వాత గట్టిగా, ఆగకుండా. ఎక్కడా తెగలేదు. ఏడుపు లేదు. చివర్లో రెండు చుక్కలు, దాని వెనక వాడి నవ్వు. "అయిపోయింది" అన్నాడు. అంతే, తర్వాత ఖాళీ టేపు తిరుగుతూ ఉంది. ఇంకేమైనా ఉందేమోనని చివరిదాకా విన్నాను. ఏమీ లేదు. వెనక్కి తిప్పి ఆ ఒక్క ముక్కా మళ్ళీ విన్నాను. ఎన్నిసార్లో తెలియదు. అమ్మగారు వచ్చి గుమ్మంలో నిలబడి విన్నారు. టీ ఆవిడే పెట్టుకున్నారు.

వాడి బాధ పోయింది. నాకు కావలసింది అదే. వాడి గొంతులో ఆ పిలుపు నాది కాకుండా పోవడం కూడా నేను ఆ రోజే విన్నాను. రెండూ ఒకే టేపులో ఉన్నాయి. ఒకటి ఉంచుకుని రెండోది చెరిపే వీలు లేదు.

మర్నాడు పొద్దున నీళ్ళు వేడి చేసుకుని, స్నానాల గదిలో పీట వేసుకుని, కాళ్ళు చాపుకుని కూర్చున్నాను. పెద్దోడికి పోసి తుడిచి అమ్మగారికి అందించాను. చిన్నోణ్ణి పిక్కల మీద వెల్లకిలా పడుకోబెట్టుకుని నలుగు కడిగి, లేచి నిలబడి తువ్వాలులో ఎత్తుకున్నాను. అంతలో వాడు ధార వదిలాడు. నా మెడ మీద, రవిక మీద, వెచ్చగా, సూటిగా.

"అయ్యో, పక్కకి తిప్పు, తడిసిపోతున్నావు" అన్నారు అమ్మగారు బయటినుంచి.

నేను తిప్పలేదు. వాడు పూర్తిగా పోసుకునేదాకా కదలకుండా నిలబడ్డాను. తర్వాత ఇంకో చెంబు వేడినీళ్ళు కలుపుకుని, వాడికి మళ్ళీ మొదటినుంచి నీళ్ళు పోశాను.